తొలి మధ్యయుగపు కళింగంలో మగవారి తలపాగాలు: ఆధారాలు ఏమున్నాయి?

వంశధార ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను జలుమూరు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఈ ఏడు వార్షికోత్సవానికి పిల్లలచేత తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం నేపథ్యంగా ఒక చిన్న నాటకం వేయిస్తున్నాము. తూర్పు గాంగరాజైన వజ్రహస్తుని పట్టాభిషేకం శక సంవత్సరం 960లో, అంటే 1038లో జరిగిందని ఆయన తామ్రశాసనాలే చెబుతున్నాయి కాబట్టి ఆ రోజునే కథాకాలంగా తీసుకున్నాము. రాజు, సేనాపతి, ఇద్దరు సామంతులు, ఒక ఓడ వర్తకుడు, రాగిరేకుపై దానశాసనం చెక్కే అక్షశాలి, నలుగురు భటులు, కొందరు రైతులు పాత్రలు.

ఇబ్బంది వేషాల దగ్గర మొదలైంది. అద్దెకొట్టువారు రాజుకు అద్దపుముక్కలు పొదిగిన పద్యనాటకపు కిరీటాన్నీ, సామంతులకు నిలువెత్తు కుళ్ళాయిలనూ, వర్తకునికి మరాఠీ పాగానూ, భటులకు ఎర్ర తలగుడ్డలనూ తీసిపెట్టారు. నేనూ తలూపి వచ్చేశాను. ఆ మరుసటి ఆదివారం పిల్లలను, ఆనాటి కళింగనగరమేనని పండితులు భావించే శ్రీముఖలింగం తీసుకువెళ్ళగా, మధుకేశ్వరాలయం గోడలన్నీ చూసి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "మేష్టారూ, ఇక్కడ ఒక్క బొమ్మకైనా తలపాగా లేదేమి?" అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు. మళ్ళీ వెళ్ళి చూస్తే కిరీటాలున్నాయి, జడలున్నాయి, ముడులున్నాయి. గుడ్డ చుట్టిన తల మాత్రం నా కంటికి ఆనలేదు.

కాబట్టి నా ప్రశ్న ఇది. సుమారు 600 నుంచి 1100 వరకు మన ప్రాంతంలో మగవారు తలపై ఏమి ధరించేవారో చెప్పగల ఆధారాలు ఏవి? శిల్పాల్లో లేదు కాబట్టి జీవితంలోనూ లేదని అనుకోవచ్చునా, లేక అది శిల్పుల సంప్రదాయం మాత్రమేనా? (ముందు "తలకట్టు" అని రాసి, పిల్లలు దాన్ని అక్షరం మీది గుర్తు అనుకుంటారని మాట మార్చుకున్నాను.)

నాగావళి (జవాబు):

మేష్టారూ, మీ శిష్యురాలి కన్ను మెచ్చుకోదగినది. ఆమె గమనించినది ముఖలింగానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. భారతదేశపు శిల్పకళలో మగవారి తల కొన్ని శతాబ్దాల వ్యవధిలో పూర్తిగా మారిపోయింది.

భర్హుత్, సాంచీ, అమరావతి శిల్పాలను చూడండి. అమరావతి పలకలపై రాజు మొదలు ఏనుగు పక్కన నడిచేవాడి వరకు చాలామంది తలలపై పెద్ద ముడితో కూడిన తలపాగాలు కనిపిస్తాయి. గుడ్డ మడతలు, నుదుటిపైకి వచ్చే ఉబ్బెత్తు ముడి, దానికి పెట్టిన ఆభరణం అన్నీ స్పష్టంగా చెక్కారు. ఇక్ష్వాకుల నాగార్జునకొండలో కూడా, అంటే 3వ శతాబ్దంలో, ఆ అలవాటు సాగింది. గుప్తుల కాలం వచ్చేసరికి తలపాగా వెనుకకు తగ్గి, నూనె రాసి దువ్విన ఉంగరాల జుట్టు, ముడిచిన కొప్పు, రత్నాల మకుటం ముందుకు వచ్చాయి. 5వ శతాబ్దం చివరినాటి అజంతా 1వ గుహలో బోధిసత్త్వునికి ఎత్తైన మకుటం ఉంటుంది. పరివారంలో అనేకులకు జుట్టు అలంకారమే ఉంటుంది. అదే గుహ పైకప్పు మీద కోసుగా ఉన్న టోపీలు పెట్టుకున్న మనుషులు కనిపిస్తారు కాని వారు పరదేశీయులు. అంటే చిత్రకారునికి టోపీ ఒక గుర్తు: ఇది పెట్టుకున్నవాడు మనవాడు కాడు. నాగార్జునకొండలో కూడా శకుల తరహా పొడుగు చొక్కాతో, టోపీతో నిలబడిన భటుని శిల్పం ఒకటి ఉంది.

ముఖలింగం గుడులను పండితులు 8 నుంచి 10వ శతాబ్దం మధ్యవిగా అంచనా వేస్తారు. ఆ కాలానికి శిల్పంలోని తల దాదాపు పూర్తిగా ఆగమశాస్త్రం చేతిలోకి వెళ్ళిపోయింది. శివునికి జడలను పైకెత్తి కట్టిన జటామకుటం, విష్ణువుకు ఎత్తైన కిరీటమకుటం, పరివార దేవతలకు బుట్టలు బోర్లించినట్లుండే కరండమకుటం: ఈ మూడూ గుర్తుపట్టడం నేర్పితే పిల్లలకు గుడి సగం చదవడం వచ్చినట్లే. సాలిహుండం కొండమీద దొరికిన తార, మారీచి వంటి బౌద్ధ విగ్రహాలను కూడా ఇదే దృష్టితో చూడవచ్చు, కాకపోతే అవన్నీ దేవతామూర్తులు.

కుళ్ళాయిలను మాత్రం ఈరోజే తిరిగి ఇచ్చేయండి. ఆ మాట పారశీకపు "కులాహ్" నుంచి వచ్చింది. ఆ వస్తువు విజయనగర దర్బారుది. లేపాక్షి కుడ్యచిత్రాలలో వరుసగా నిలబడిన పెద్దమనుషుల తలలపై దానిని చూడవచ్చు, అవి 16వ శతాబ్దానివి. ఆ దర్బారుకు వెళ్ళవలసి వచ్చినప్పుడు "కుళ్ళాయుంచితి కోక చుట్టితి" అని శ్రీనాథుడు వాపోయినట్లు చెప్పే చాటువు మీకు కొత్త కాదు. తెలుగు కవికే అది అలవాటులేని వేషమైంది. వజ్రహస్తునికీ ఆ టోపీకీ నడుమ సుమారు 400 ఏండ్ల దూరం ఉంది. మరాఠీ పాగా అంతకంటే తరువాతిది.

నన్నడిగితే, శిల్పంలో లేనిదాన్ని రంగస్థలం మీదికి తేవద్దు. అందరికీ జుట్టు ముడులు పెట్టండి, రాజుకు కిరీటం పెట్టండి, తలగుడ్డలు తీసేయండి.

అక్షరశిల (జవాబు):

నాగావళి గారు శిల్పాల గురించి చెప్పినదంతా ఒప్పుకుంటూనే చివరి వాక్యం దగ్గర మాత్రం విభేదిస్తున్నాను. నేను శాసనాలు చదివే విద్యార్థినిని, మాది విజయనగరం. రాతిమీది బొమ్మ నుంచి బతికిన మనిషి తలకు నేరుగా వెళ్ళడానికి వీలులేదు, ఎందుకంటే గుడి గోడ ఆనాటి బజారు ఫోటో కాదు. దాని పక్కన మాటలను కూడా పెట్టి చూడాలి.

మాటల్లోనూ చిక్కుంది, అదీ ఆసక్తికరమైన చిక్కు. మన తాతల తరం బళ్ళో వల్లించిన సంస్కృత నిఘంటువు అమరకోశంలో "చూడా కిరీటం కేశాశ్చ సంయతా మౌళయస్త్రయః" అని ఉంది. అంటే మౌళి అన్న ఒకే మాటకు పిలకజుట్టు, కిరీటం, ముడిచిన జుట్టు అనే మూడు అర్థాలు. ఉష్ణీషం అన్న మాటకు అదే కోశం తలకు చుట్టుకునే గుడ్డ అనీ, కిరీటం అనీ రెండర్థాలు ఇస్తుంది. కాబట్టి ఒక కావ్యంలోనో శాసనంలోనో "మౌళి" కనబడినంత మాత్రాన అది వస్తువా, వెంట్రుకలా అని తేల్చలేము. జుట్టూ తొడుగూ వేరువేరుగా చూసే అలవాటు మనది. ఆ కాలపువారు తలమీద ఎత్తుగా కనిపించేదానిని, అది దేనితో చేసినదైనా, ఒకటిగానే చూశారని నాకనిపిస్తుంది. జటామకుటం అన్న పేరులోనే ఆ కలయిక ఉంది కదా.

ఇక తొలి గాంగుల తామ్రశాసనాల సంగతి. కళింగనగరం నుంచి వెలువడిన రేకులు మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామిని స్తుతించిన తరువాత, నమస్కరించే సామంతుల చూడామణుల కాంతి రాజు పాదాలపై పడి మెరుస్తుందని చెబుతాయి. ఇది నమూనా ప్రకారం రాసే పొగడ్త. ఒక రాజు రేకులో ఉన్నదే మరొక రాజు రేకులోనూ ఉంటుంది. అయినా ఆ కవికి సామంతుడనగానే గుర్తుకు వచ్చినది తలపాగా కాదు, జుట్టులో తురిమిన మణి. అంతవరకు దానిని సాక్ష్యంగా తీసుకోవచ్చు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మాత్రం "పట్టం". మనం ఈనాటికీ రాజుకు పట్టం "కట్టారు" అంటాము, "పెట్టారు" అనము. ఎందుకు? అది నెత్తిన పెట్టే వస్తువు కాదు, నుదుటికి కట్టే బంగారు రేకు. తెలుగులో దొరికిన తొలి పద్యశాసనాల్లో ఒకటైన అద్దంకి శాసనం, 848 నాటిది, ఇలా మొదలవుతుంది:

"పట్టంబు గట్టిన ప్రథమంబు నేణ్డు
బలగర్వ మొప్పంగ బైలేచి సేన
పట్టంబు గట్టించి ప్రభు బణ్డరంగు..."

తూర్పు చాళుక్యరాజైన గుణగ విజయాదిత్యుని పట్టాభిషేకం జరిగిన మొదటి ఏటనే ఆయన సేనాని పండరంగునికి "సేన పట్టంబు గట్టించి" బోయల స్థావరాలైన బోయకొట్టములపైకి పంపారని దీని భావం. రాజు పట్టం ఒకటి, సేనాపతి పట్టం వేరొకటి, రెండూ కట్టినవే.

ఇప్పుడు దీని పక్కన 6వ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితను పెట్టండి. అందులో పట్టలక్షణం అన్న చిన్న అధ్యాయం ఉంది. పట్టం నడుమ వెడల్పు రాజుకు 8 అంగుళాలు, రాణికి 7, యువరాజుకు 6, సేనాపతికి 4, రాజు అనుగ్రహించి ఇచ్చే ప్రసాదపట్టానికి 2 అంగుళాలు ఉండాలట. పొడవు వెడల్పుకు రెట్టింపు, అంచుల దగ్గర వెడల్పు నడుమ దానిలో సగం, అన్నీ మేలిమి బంగారువి. రాజు పట్టానికి ఐదు శిఖలు (పైకి లేచిన మొనలు), రాణికీ యువరాజుకూ మూడేసి, సేనాపతికి ఒకటి, ప్రసాదపట్టానికి ఏమీ లేవు. ఉజ్జయిని ప్రాంతపు పండితుడు శాస్త్రంలో రాసిన సేనాపతి పట్టం మూడు శతాబ్దాల తరువాత తెలుగు నేలపై ఒక బోయకొట్టాల దండయాత్రలో ప్రత్యక్షమైందంటే, ఇది పుస్తకాల్లోని ఊహ మాత్రమే కాదని అర్థం. శిల్పశాస్త్ర గ్రంథమైన మానసారంలో కూడా పత్రపట్టం, రత్నపట్టం, పుష్పపట్టం అని హోదాను బట్టి భేదాలున్నాయి.

సామాన్యుల తలగుడ్డ విషయానికి వస్తే, నిషేధమే సాక్ష్యం. తలకు గుడ్డ చుట్టుకుని తిన్నది, దక్షిణముఖంగా తిన్నది, చెప్పులతో తిన్నది రాక్షసులకు పోతుందని మనుస్మృతి మూడో అధ్యాయం అంటుంది. ఎవరూ చేయని పనిని శాస్త్రకారుడు కాదనడు. స్మృతి పాతదే కావచ్చు, కాని 9వ శతాబ్దంలో మేధాతిథి దానికి సవిస్తరంగా భాష్యం రాసేనాటికి కూడా ఆ శ్లోకం పాఠంలో ఉంది. కాబట్టి తలపాగా లేదనడం కంటే, తలపాగా గౌరవచిహ్నంగా ఉన్న స్థానం నుంచి దిగిపోయిందనడం సరిగ్గా ఉంటుందని నా అభిప్రాయం. హోదా బంగారు రేకులోకి, మణిలోకి, పూలలోకి వెళ్ళిపోయాక, శిల్పికి గుడ్డను చెక్కవలసిన అవసరం పోయింది.

నాగావళి (జవాబు):

అక్షరశిల గారి మాటకు నేను సగం దారి వచ్చాను. పూల విషయం ఎత్తారు కాబట్టి ఒకటి చేరుస్తాను. 7వ శతాబ్దంలో కళింగం మీదుగా, ఆంధ్రదేశం మీదుగా ప్రయాణించిన హ్యూయన్ త్సాంగ్, భారతదేశపు జనం తలపై పూలమాలలు ధరిస్తారనీ, రాజులూ మంత్రులూ రత్నాలు పొదిగిన శిరోభూషణాలు పెట్టుకుంటారనీ, సంపన్న వర్తకులకు మాత్రం కంకణాలేననీ రాశాడు. నడినెత్తిన జుట్టు ముడిచి మిగిలినది వదిలేస్తారనే వాక్యం కూడా ఉంది కాని, అది స్త్రీల వస్త్రధారణ గురించి చెప్పిన వెంటనే వస్తుంది కాబట్టి, మగవారికి కూడా వర్తిస్తుందా లేదా అన్నదానిపై అనువాదకులు ఏకాభిప్రాయానికి రాలేదు. దానిని వాడకండి. వర్తకుని తల సంగతి మాత్రం మీకు పనికివస్తుంది: ఆ పాత్రకు తలపై పూలు చాలు, చేతికి కంకణాలు వేయండి.

అయితే ఆయన రాసినది దేశం మొత్తానికి ఒక్కచోట చేసిన వర్ణన. కళింగం గురించి విడిగా రాసినచోట అడవులను, ఏనుగులను ప్రస్తావించాడు గాని తలల జోలికి పోలేదు.

పొందూరు నేత (జవాబు):

పండితుల చర్చలో చేయి పెడుతున్నందుకు మన్నించాలి. మాది నేత కుటుంబం. మీరందరూ తలపాగా అనే వస్తువు ఒకటి ఉన్నట్లు మాట్లాడుతున్నారు. మగ్గం దగ్గర కూర్చున్నవాడికి అలాంటి వస్తువు లేదు. ఉన్నది ఒక గుడ్డ. భుజాన ఉంటే కండువా, నడుముకు బిగిస్తే దట్టీ, ఎండలో నెత్తికి చుడితే తలపాగా, మూట మోసేటప్పుడు వలయంగా చుట్టి మూటకింద పెడితే చుట్టకుదురు. మా నాన్న పొలం నుంచి వస్తూ ఊరి పెద్దలెవరైనా ఎదురైతే తలగుడ్డ తీసి భుజాన వేసుకునేవారు; గుడిలోకి వెళితే నడుముకు కట్టుకునేవారు. గుడి గోడమీద ఆయన బొమ్మ చెక్కి ఉంటే తలపై ఏమీ ఉండదు. అంతమాత్రాన ఆయన జీవితమంతా ఎండలో బోడితలతో తిరిగారని అనుకోవచ్చునా?

దేవుని ఎదుట నిలబడిన మనిషిని చెక్కే శిల్పి, గుడ్డ తీసిన తలనే కదా చెక్కుతాడు. ఇది నా ఊహ. వేయి సంవత్సరాల నాటి నూలుగుడ్డ మన తీరపు తేమలో మిగలదు కాబట్టి, గుడ్డను తవ్వి తీసి చూపించే దారి లేదు.

అక్షరశిల (జవాబు):

నేత గారూ, మన్నింపులు మేము కోరాలి. మీరన్న మాటకు కావ్యాలలో బలం ఉంది. బాణుని హర్షచరితంలో ఉష్ణీషాలు కనిపిస్తాయి. ఉత్తరీయాన్నే తలకు చుట్టుకోవడం సంస్కృత రచనలకు కొత్త కాదు. తలగుడ్డ, పైబట్ట ఒకటేనన్నది ఒప్పుకుంటే, శాసనాల్లో, కోశాల్లో దానికి విడి పేరు ఎక్కువగా కనబడకపోవడం వింతగా తోచదు.

ఒక సరదా విషయం. 1030 ప్రాంతంలో మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ, హిందువులు తలపాగాలను షరాయిలుగా వాడతారని రాశాడు. మన పంచెకట్టును చూసి, తన దేశంలో తలకు చుట్టుకునే పొడుగుగుడ్డ వీళ్ళ కాళ్ళకు ఎందుకు వెళ్ళిందా అని ఆశ్చర్యపడినట్లుంది. దీనిని కొందరు తలపాగాకు ఆధారంగా ఉదహరిస్తారు. నిజానికి అది పంచెకు ఆధారం.

కాని మీ నాన్నగారి ఉదాహరణతో నాకు ఒక పేచీ ఉంది. గుడి గోడలపై దేవుని ఎదుట చేతులు జోడించినవారు మాత్రమే లేరు. వేటగాళ్ళు, యోధులు కూడా ఉన్న గుళ్ళు ఉన్నాయి. తెలుగుదేశపు వీరగల్లుల్లో, అంటే చనిపోయిన వీరుల స్మారక శిలల్లో, కత్తి దూసిన వీరుడు సిగముడితో కనబడతాడు. వీరు దేవుని ముందు గుడ్డ తీసినవారు కారు. కాబట్టి భటుల విషయంలో జుట్టుముడికే మొగ్గుతాను. శిరస్త్రం, శీర్షణ్యం అన్న మాటలు అమరంలో ఉన్నాయి కనుక యుద్ధంలో తలకు రక్షణ తెలియనిది కాదు. రైతుల విషయంలో మీరే గెలిచారు.

వంశధార ఒడ్డు:

ఇంత వస్తుందని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. కుళ్ళాయిలూ పాగా నిన్ననే తిరిగి ఇచ్చాను, అద్దెకొట్టాయన "మేష్టారూ, ఉత్త తలలతో రాజుల నాటకమా?" అని నొచ్చుకున్నాడు. భటులకు సిగముడులు, రైతులకు పైగుడ్డే తలకు చుట్టడం, వర్తకునికి పూలు అని నిర్ణయించాము. రాజు, సేనాపతి, సామంతులకు పట్టాలు చేయించాలి. 8 అంగుళాల పట్టం అంటే దాదాపు జానెడు ఎత్తు. పదమూడేళ్ళ కుర్రవాడి నుదుటిపై అది నిలబడుతుందా? మరొకటి, అక్షశాలికి ఏమి పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

అక్షరశిల (జవాబు):

మీరు అంగుళాన్ని స్కేలు మీది అంగుళంగా లెక్కించారు. శాస్త్రంలోని అంగుళం వేలి వెడల్పు, సుమారు 1.9 సెంటీమీటర్లకు మించదు. అప్పుడు రాజు పట్టం నడుమ సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల పొడవు, రెండు చివరలా ఏడున్నర సెంటీమీటర్లు వస్తుంది. సేనాపతిది ఏడున్నర ఎత్తు, 15 పొడవు. అంటే ఇది తల చుట్టూ తిరిగే వలయం కాదు; నుదుటి ముందుభాగాన్ని కప్పి, దారాలతో వెనుక కట్టుకునే రేకు. పెళ్ళిలో వధూవరుల నుదుటికి కట్టే బాసికాన్ని తలచుకుంటే ఆ కట్టు తీరు పిల్లలకు వెంటనే తెలుస్తుంది. బాసికం దాని నుంచే వచ్చిందని నేను అనడం లేదు, పోలిక మాత్రమే చెబుతున్నాను. పిల్లల తలలు చిన్నవి కాబట్టి అన్నిటినీ మూడోవంతు తగ్గించండి, కాని ఒకదానితో ఒకటి ఉన్న నిష్పత్తిని చెడగొట్టకండి. హోదాను ప్రేక్షకుడు ఆ తేడాతోనే గుర్తుపట్టాలి. సామంతులలో ఒకరికి శిఖలేని ప్రసాదపట్టం, మరొకరికి జుట్టులో మణి పెడితే రెండు రకాల ఆధారాలూ రంగం మీదికి వస్తాయి.

అట్టకు బంగారు కాగితం అంటించినా చాలు. ఖర్చు పెట్టగలిగితే బుడితి ఇత్తడి పనివారి చేత పలుచని రేకు కొట్టించండి, మీకు దూరం కాదు.

పొందూరు నేత (జవాబు):

రైతు పాత్రలకు అంచులేని ముతక నూలుగుడ్డ రెండున్నర గజాలు చాలు, జరీ అంచు వద్దు. ముందుగా కట్టి కుట్టేసిన తలపాగా పెట్టకండి. రాజు వచ్చే రంగంలో రైతులు ప్రేక్షకుల కళ్ళ ముందే దానిని విప్పి భుజాన వేసుకోవాలి.

అక్షశాలి గురించి: మా వీధి కంసాలి రేకు మీద వంగి పని చేసేటప్పుడు, జుట్టు కళ్ళలో పడకుండా నుదుటికి ఒక గుడ్డపేలిక కట్టుకుంటాడు. మీ అక్షశాలికి ఆధారం దొరికేదాకా అదే కట్టండి.

నాగావళి (జవాబు):

ఆ పేలికకు శాసనాధారం అడగను. నాటకం ఎప్పుడో చెప్పండి, నేనూ వస్తాను.